ఆటోనగర్‌లో ఒక దినము

విజయవాడ పేరు వినగానే చాలామందికి కృష్ణానది, ప్రకాశం బ్యారేజి, రైల్వే జంక్షన్ గుర్తుకొస్తాయి. లారీ గాని, జీపు గాని ఉన్నవారికి వీటికంటే ముందు గుర్తుకొచ్చే చోటు ఇంకొకటి ఉంది. అదే ఆటోనగర్. పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. 1966లో ఊరికి తూర్పున, పటమట పక్కన, బండ్ల పని చేసేవారి కోసం ఏర్పడిన పేట ఇది. ఆసియా ఖండంలోనే ఇంత పెద్దది అరుదని అక్కడి వారు గర్వంగా చెప్పుకుంటారు.

అక్కడ ఒక్కొక్క వీధిది ఒక్కొక్క పని. ఒక వీధిలో కమాను కట్టలు ఎర్రగా కాల్చి సమ్మెటతో వంచుతుంటారు. ఇంకొక వీధిలో లారీలకు, బస్సులకు బాడీలు కడుతుంటారు. వడ్రంగి, వెల్డరు, రంగులు వేసేవాడు ఒకే బండి మీద మూడు వైపులా ఎక్కి పని చేస్తుంటారు. లేత్ మిషన్లు, టింకరింగ్ షెడ్లు, సీట్లు కుట్టే కొట్లు, పాత సామాన్లు అమ్మే గుజిరీ కొట్లు వరసగా ఉంటాయి. నేల నిండా నల్లటి ఆయిలు. ఇనుము మీద ఇనుము మోగే చప్పుడు ఉదయం మొదలైతే పొద్దుగూకేదాకా ఆగదు.

గత మే నెలలో మా సంఘపు బొలెరో బండితో ఆ పేటలో ఒక పగలంతా గడిపాము. పని రేడియేటరు మార్చడం. మెకానిక్‌కు అది రోజూ చేసే పనే. కాని మా కొండ గ్రామాల సంఘానికి అది ఒక పెద్ద నిర్ణయమైంది. ఆ పనిలో మా కళ్ల ముందు కనబడిన సంగతి ప్రతి కుటుంబానికీ పనికివచ్చేది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బండి ఎందుకు కావాలి

మా సేవ శబరి నది ఒడ్డున ఉన్న చింతూరుకు అవతల, అడవి గ్రామాలలో. ఈ ప్రాంతం 2014లో ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. విశ్వాసులు ఎక్కువమంది కోయ కుటుంబాలవారు. వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు ఏరుకుని, వానాకాలంలో పోడు చేసుకుని బ్రతుకుతారు. 2021లో అయిదు గ్రామాల సంఘాలు కలిసి ఈ బొలెరోను పాతబండిగా కొన్నాయి. మరుసటి సంవత్సరం, 2022 జూలైలో, భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. శబరి వెనక్కి తన్ని ఊళ్లను ముంచింది. అప్పుడు కొండవాలుకు చేరిన కుటుంబాలకు బియ్యం, కిరసనాయిలు, దుప్పట్లు మోసింది ఈ బండే.

ఆదివారం నాడు అది ఆరాధనకు వచ్చే ముసలివాళ్లను తెస్తుంది. మిగిలిన ఆరు రోజులూ రోగులను మోస్తుంది. 108 అంబులెన్సు తారు రోడ్డు ఉన్నంతవరకు వస్తుంది. సెల్‌ఫోను సిగ్నల్ అందని ఊళ్లనుండి ఆ రోడ్డు దాకా మనిషిని చేర్చడం మా బండి పని.

ఏప్రిల్ నెల చివరలో ఒక రాత్రి, ఆరుబయట నేలమీద పడుకున్న ఒక సహోదరుణ్ణి కట్లపాము కరిచింది. అడవి దారిలో ఆరు కిలోమీటర్లు రావాలి. రాళ్ల మీద, ఇసుక వాగులో రెండో గేరులో ప్రాకుతూ రావాలి. వేగం లేనప్పుడు ఎదురుగాలి తగలదు. ఇంజిన్ కష్టపడుతూనే ఉంటుంది. ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ కింద నుండి ఆవిరి వచ్చింది. రెండుసార్లు ఆపవలసి వచ్చింది. ఇంజిన్ కాస్త చల్లారాక వాగు నీళ్లు బిందెతో తెచ్చి పోశారు. అలా నలభై నిమిషాలు పోయాయి. వెనుక సీటులో ఆ సహోదరుని కనురెప్పలు వాలిపోతున్నాయి, భార్య ఆయన చెంపలు తడుతూ పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. దేవుని కృపవలన చింతూరులో విషానికి విరుగుడు మందు దొరికింది. అక్కడి నుండి భద్రాచలం ఆసుపత్రికి చేర్చారు. ఆయన బ్రతికాడు. ఇంకొక అరగంట ఆలస్యమైతే ఏమీ చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు గారు అన్నారు.

మరునాడు చూస్తే రేడియేటరు అడుగున చెమ్మ. అక్కడి మెకానిక్ కుర్రాడు ఎం-సీల్ పెట్టి అతికించి, ఇది కొన్నాళ్లే ఆగుతుందని నిజం చెప్పాడు.

సంఘములో వేడి

కమిటీ కూడినప్పుడు అసలు కష్టం బయటపడింది. మా గుడి పైకప్పు రేకులు ఏప్రిల్ గాలివానకు లేచిపోయాయి. వానాకాలం రాకముందే కప్పు వేయాలని తునికాకు కూలిలో నుండి ఇంటింటివారూ కానుక ఇచ్చారు. అక్కలు పిడికెడు బియ్యం దాచి అమ్మి తెచ్చారు. అన్నీ కలిపి రూ. 16,400. ఆ డబ్బు కప్పు కోసమని చెప్పి కూడబెట్టినది.

సంఘ పెద్దలలో వయసులో పెద్దాయన, "దేవుని మందిరానికని ఇచ్చింది దానికే ఖర్చు చేయాలి. రేడియేటరుకు మాటు వేయించండి, చాలు" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఆ గుడి గోడలకు మట్టి తొక్కినవాడు ఆయనే. కోశాధికారి గారు, "ఇంకొకసారి దారిలో ఆగితే ఆ ప్రాణానికి ఎవరు జవాబు చెప్పాలి?" అన్నాడు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. పాము కరిచింది ఆయన తోడల్లుణ్ణే. మాటా మాటా పెరిగింది. ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. రెండు వారాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ప్రభువు బల్లకు పెద్దాయన రానేలేదు.

ప్రార్థన చేసి నేను ఇద్దరి ఇళ్లకూ వెళ్లి, "మీరిద్దరూ నాతో విజయవాడ రండి. అక్కడ విప్పి చూపిస్తారు. చూసిన తరువాత మీరు ఏది చెబితే అదే చేద్దాం" అన్నాను. ఇద్దరూ సరే అన్నారు.

రాత్రి ప్రయాణం

భద్రాచలంలోనూ మంచి మెకానిక్‌లు ఉన్నారు. కాని ఇంజిన్ లోపలి నీటి దారులు కడగడం, పంపు పరీక్షించడం, విడి భాగాలు ఎంచుకోవడం అన్నీ ఒకేచోట కావాలంటే ఆటోనగర్ మేలన్నారు. చింతూరు నుండి సుమారు 250 కిలోమీటర్లు. ఎండలో అంత దూరం ఆ బండి రాలేదు గనుక పొద్దుగూకాక బయలుదేరాము. వెనుక నాలుగు క్యాన్ల నీళ్లు పెట్టుకున్నాము. నలభై కిలోమీటర్లకు ఒకసారి ఆపడం, చల్లారనివ్వడం, మట్టం చూడడం, మళ్లీ కదలడం. ముందు సీటులో నేను, వెనుక పెద్దలిద్దరూ చెరొక కిటికీ వైపు.

ఆంధ్రలో బయలుదేరిన ఆ రోడ్డు భద్రాచలంలో తెలంగాణలో ప్రవేశిస్తుంది. గోదావరి వంతెన దాటి, సారపాక మీదుగా పాల్వంచ చేరేసరికి అర్ధరాత్రి అయింది. అక్కడ కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం దీపాలు ఊరంత వెలుగుతున్నాయి. ఆ దారిన తిరిగిన వారందరికీ అక్కడి పాత చల్లబరిచే గోపురాలు తెలుసు. నడుము సన్నగా, మూతి వెడల్పుగా, పెద్ద డప్పుల్లా కనబడేవి. కాలం తీరిన ఆ ఎనిమిది గోపురాలను 2024 ఆగస్టులో పేల్చి కూల్చివేశారు. వాటి పని కొత్త గోపురాలు చేస్తున్నాయి.

మట్టం చూడడానికి అక్కడే ఆపాము. బండి నడిపే తమ్ముడు, "అయ్యగారూ, కరెంటు చేసేచోట చల్లబరచడం ఎందుకు?" అని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. బొగ్గు మండించి నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి చక్రాన్ని తిప్పితే కరెంటు పుడుతుంది. పని అయిపోయిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చాలంటే చల్లబరచాలి. అందుకే ఆ కేంద్రానికి కిన్నెరసాని నీరు కావాలి. బొగ్గులో ఉన్న వేడిలో సగానికి పైగా కరెంటుగా మారదు, బయటికి పోవలసిందే. పోయే దారి లేకపోతే అంత పెద్ద యంత్రమూ ఆగిపోతుంది. వెనుక నుండి పెద్దాయన, "అంత పెద్దదానికీ నీళ్లే దిక్కన్నమాట" అన్నాడు. ఆ రాత్రి వెనుక సీటులో నుండి వినబడిన మొదటి మాట అది.

కొత్తగూడెం, పెనుబల్లి దాటి తిరువూరు దగ్గర మళ్లీ ఆంధ్రలోకి వచ్చాము. మైలవరంలో తెలతెలవారింది. కొండపల్లి కోట కొండ మీద ఎండ పడుతుండగా ఇబ్రహీంపట్నం చేరాము. అక్కడ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. దానికి కావలసిన నీరు కృష్ణ ఇస్తుంది. రాత్రి చూసినదే మళ్లీ కనబడింది. ముందు పొగ గొట్టాలు, పక్కన నది. మంట ఉన్న ప్రతిచోటా దాని పక్కనే నీళ్లు పెట్టుకున్నారు.

మూత తెరవవద్దు

బెంజ్ సర్కిల్ దాటి ఆటోనగర్ చేరేసరికి ఎనిమిదిన్నర. ఒకరు చెప్పిన గుర్తులతో రేడియేటర్ల వీధి పట్టుకున్నాము. కొట్టు ముందు పాత రేడియేటర్లు తేనెపట్టుల్లా గోడకు ఆనించి ఉన్నాయి. మేస్త్రీ అరవై దాటిన సాయిబు గారు. కుర్రవాళ్లందరూ ఆయనను చాచా అంటున్నారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తి, పై హోస్ పైపును రెండు వేళ్లతో తాకి వెంటనే తీసేశాడు.

"గంటసేపు కూర్చోండి పాస్టర్ గారూ. టీ తాగండి."

మేము రాత్రంతా నిద్ర లేక, తొందరగా పని కావాలని ఉన్నాము. మూత తీసి చూడమని తమ్ముడు అడిగాడు. చాచా చొక్కా చేయి పైకి మడిచి ముంజేయి చూపించాడు. మణికట్టు నుండి మోచేతి దాకా చర్మం ముడుచుకుని తెల్లగా ఉంది. "పదిహేనేళ్ల వయసులో, వేడి మీద మూత తిప్పాను. అప్పటి నుండి ఎవరు తొందరపెట్టినా తిప్పను."

ఆ మాటకు కారణం తరువాత వివరించాడు. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రేడియేటరు మూత లోపల ఒక స్ప్రింగు ఉంటుంది. అది నీటిని ఒత్తిడిలో పట్టి ఉంచుతుంది కాబట్టి 100 దాటినా, దాదాపు 120 వరకు, నీళ్లు మరగకుండా ఉంటాయి. మూత తిప్పామా, ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. లోపలి నీరు ఆ క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి లేస్తుంది. బయటికి చూస్తే మూత మామూలుగానే ఉంటుంది. లోపల ఏముందో తెలియదు.

ఆ గంట మా ఇద్దరు పెద్దలూ ఒకే బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఆ కొట్టులో ఉన్నది ఒక్కటే బల్ల.

విప్పి చూస్తే

చల్లారాక పని మొదలైంది. అడుగున టబ్బు పెట్టి, కింది హోస్ పైపు క్లిప్పు వదులు చేసి నీళ్లు దించారు. వచ్చిన నీళ్లు టీ రంగులో, ఇసుకలాంటి నలుసులతో ఉన్నాయి. ముందు గ్రిల్లు విప్పారు. ఫ్యాను చుట్టూ ఉండే కవరు విడదీశారు. పై పైపు ఊడదీసి, నాలుగు బోల్టులు తీసి, ఫ్యాను రెక్కలు తగలకుండా ఇద్దరు కుర్రవాళ్లు రేడియేటరును నిలువుగా పైకి ఎత్తారు. అంతా ముప్పావు గంట.

రేడియేటరు అంటే పెద్ద రహస్యమేమీ కాదు. ఇంజిన్‌లో కాలే డీజిలు వేడిలో సుమారు మూడో వంతే చక్రాలను తిప్పుతుంది. ఒక వంతు పొగతో పోతుంది. దాదాపు ఇంకొక వంతు ఇంజిన్ గోడల చుట్టూ తిరిగే నీటిలోకి వస్తుంది. పంపు ఆ నీటిని రేడియేటరుకు తోస్తుంది. అక్కడ సన్నని గొట్టాలు వరసగా ఉంటాయి. గొట్టాల మధ్య కాగితంలాంటి అల్యూమినియం రెక్కలు. ఫ్యాను లాగిన గాలి ఆ రెక్కల మధ్యగా పోతూ వేడిని తీసుకుపోతుంది. చల్లబడిన నీరు తిరిగి ఇంజిన్‌కు వెళుతుంది. ఎదురుగాలికి, దుమ్ముకు, ఎగిరే రాళ్లకు ముందుగా నిలబడేది రేడియేటరే. బండి బాగా నడిచినంతకాలం దాని పేరు ఎవరూ తలచరు.

చాచా చివరనున్న ప్లాస్టిక్ ట్యాంకు అంచులు విప్పి, లోపలి గొట్టాల మూతులు మాకు చూపించాడు. మాలో ఎవరికీ మాట రాలేదు. సగానికి పైగా గొట్టాలు మూసుకుపోయి ఉన్నాయి. కుండ అడుగున పట్టే సున్నంలాంటి తెల్లని గార, మధ్యలో తుప్పు. ఒక సన్నని తీగ పెట్టి పొడిచాడు. తీగ వంగింది గాని లోపలికి పోలేదు.

"మీరు కూలెంట్ పోస్తున్నారు, అది తెలుస్తోంది. కాని మీకు అమ్మినవాళ్లు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశారు. కారుతున్న చోట నేను మాటు వేయగలను, తొమ్మిది వందలు తీసుకుంటాను. కారడం ఆగుతుంది. బండి మాత్రం మళ్లీ పొంగుతుంది. కారడం కాదండీ దీని జబ్బు. వేడి పోవడానికి దారి లేదు."

పాత రేడియేటరు గుజిరీలో రూ. 2,500కు దొరుకుతుంది. దాని లోపల ఏముందో దేవునికే తెలియాలి. కొత్తది రూ. 6,800. పైపులు, మూత, థర్మోస్టాట్, కూలెంట్, ఇంజిన్ లోపల కడగడం, కూలి అన్నీ కలిపి రూ. 12,650 అవుతుందని కాగితం మీద రాసి ఇచ్చాడు.

నేను ఆ కాగితం పెద్దాయన చేతిలో పెట్టి ఊరుకున్నాను. ఆయన కాగితం చూడలేదు. మూసుకుపోయిన గొట్టాలనే చూస్తూ ఉన్నాడు. ఆ తీగ అడిగి తీసుకుని తానే ఒక గొట్టంలో పొడిచాడు, ఇంకొక దానిలో పొడిచాడు. తరువాత కోశాధికారి గారి వైపు తిరిగి, "ఆ రాత్రి మీ తోడల్లుడు ఎంతసేపు దారిలో ఉన్నాడు బావా?" అని అడిగాడు. ఇద్దరి మధ్య ఎప్పటి నుండో ఉన్న పిలుపు అది. రెండు వారాలుగా వినబడలేదు.

"నలభై నిమిషాలు."

పెద్దాయన నాతో అన్నాడు, "ఈ వానాకాలానికి గుడి మీద టార్పాలిన్ కట్టుకుందాం అయ్యగారూ. బండి చేయించండి."

కోశాధికారి గారు వెంటనే ఏమీ అనలేదు. కాసేపటికి, "కప్పు మాటా వదలొద్దు. కోత డబ్బు రాగానే మొదటి రేకు నాది" అన్నాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి వెళ్లి పక్క వీధిలో టార్పాలిన్ బేరమాడి తెచ్చారు.

మన ప్రభువు పాత బట్టకు కొత్త గుడ్డతో మాసిక వేసేవాని సంగతి చెప్పాడు (మార్కు 2వ అధ్యాయము). మాసిక వేసినవాడు చెడ్డవాడేమీ కాదు, పొదుపు చేద్దామనుకున్నవాడే. కాని లోపల శక్తి ఉడిగిన దానికి పైన ఎంత కుట్టినా నిలవదు. ఆ వాక్యము మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ రోజు దానిని చేత్తో పట్టుకుని చూశాము.

కొత్తది బిగించడం

కొత్త రేడియేటరు పెట్టేముందు ఇంజిన్ లోపలి దారుల్లోకి శుభ్రమైన నీళ్లు ఒత్తిడితో పంపి, తేటగా వచ్చేదాకా కడిగారు. అది కడగకుండా కొత్తది పెడితే లోపలి తుప్పు వచ్చి ఏడాదిలో దీన్నీ మూసేస్తుందని చాచా చెప్పాడు. పంపు చేత్తో తిప్పి చూసి బాగుందన్నాడు. థర్మోస్టాట్ అనేది నీరు తగినంత వేడెక్కాకనే రేడియేటరు వైపు దారి తెరిచే చిన్న తలుపు. పాతదానిని గిన్నెలో నీళ్లలో వేసి టీ కొట్టు పొయ్యి మీద కాచారు. నీళ్లు మరుగుతున్నా అది సగమే తెరుచుకుంది. అదీ మార్చారు. కింద రబ్బరు బుష్షులు పెట్టి, కొత్త పైపులకు కొత్త క్లిప్పులు బిగించారు.

కూలెంట్ మందును డబ్బా మీద రాసిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి మెల్లగా పోశారు. మూత పెట్టకుండానే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, పై పైపును పిసుకుతూ ఉంటే బుడగలు బుడగలుగా గాలి బయటికి వచ్చింది. లోపల గాలి చిక్కుకుంటే నీళ్లు నిండినట్టే కనబడతాయి గాని తిరగవు. బుడగలు ఆగాక మట్టం నింపి మూత బిగించారు. అరగంట నడిపి, మళ్లీ చల్లార్చి, మళ్లీ మట్టం చూశారు. సాయంత్రం అయిదు అయింది.

పాత రేడియేటరును తూకానికి అమ్మితే రూ. 400 వచ్చింది. డబ్బు ఇచ్చేటప్పుడు చాచా కూలిలో రూ. 200 వెనక్కి ఇచ్చి, "గుడి కప్పుకు నా వంతు" అన్నాడు. ఆయన నమాజు వేళ అయిందని లేచాడు. మేము ఆయన కుటుంబము కొరకు దేవుణ్ణి ప్రార్థించి బయలుదేరాము.

వేడి పోయే దారి

ప్రియ చదువరులారా, ఆ దినము మేము చూసిన దానిలో ముఖ్యమైనది ఒకటే. వేడి పుట్టడం బండి తప్పు కాదు. పని చేసే ఇంజిన్ వేడెక్కుతుంది. బరువు మోసేది ఇంకా వేడెక్కుతుంది. చల్లగా ఉండే ఇంజిన్ అంటే నడవని ఇంజినే. వేడి పోవలసిన దారి మూసుకుపోతేనే ప్రమాదం.

కుటుంబములోను, సంఘములోను అంతే. ఇంటి బరువు మోసే తండ్రికి, అందరికీ వండి పెట్టి పొలానికి పోయే తల్లికి, పరీక్షకు చదివే బిడ్డకు లోపల వేడి పుడుతుంది. సంఘమును ప్రేమించే పెద్దలకూ పుడుతుంది. మా పెద్దలిద్దరి కోపమూ ప్రేమ నుండి పుట్టినదే. ఒకరిది మందిరము మీది ప్రేమ, ఇంకొకరిది మనుష్యుల మీది ప్రేమ. అది పోయే దారి ఉండాలి. సాయంకాలము కుటుంబ ప్రార్థనలో మనసు విప్పడం, భార్యాభర్తలు రోజులో పావుగంట పిల్లల గోల లేకుండా మాట్లాడుకోవడం, పెద్దవారి దగ్గర కూర్చుని కష్టం చెప్పుకోవడం ఇవే ఆ సన్నని గొట్టాలు. వాటిలో గార ఒక్కరోజులో పట్టదు. రోజుకు కొంచెం మాట తగ్గించుకుంటూ, రోజుకు కొంచెం ప్రార్థన మానుకుంటూ ఉంటే కొన్నేళ్లకు పూర్తిగా మూసుకుపోతుంది.

పోసే నీళ్లు ఎటువంటివో కూడా చూసుకోవాలి. ఎలీషా దినములలో యెరికో పట్టణము చూడడానికి రమ్యంగా ఉంది గాని, నీళ్లు చెడ్డవి కావడం చేత భూమి ఫలించలేదు (2 రాజులు 2వ అధ్యాయము). ప్రవక్త పొలాల దగ్గరికి పోలేదు, ఊట దగ్గరికే పోయాడు. మన యిండ్లలోనూ పిల్లల ప్రవర్తన చెడిందని బాధపడేముందు, వారి మనసులోకి రోజూ ఏ నీళ్లు పోస్తున్నామో చూడాలి.

మూత సంగతి మరువవద్దు. కోపము మీద ఉన్నవారిని అప్పటికప్పుడే విప్పించాలని చూడకండి. యాకోబు తన పత్రికలో మాటకు, కోపమునకు నిదానము నేర్పింది ఇందుకే. గంటసేపు ఒకే బల్ల మీద కూర్చుంటే, కలిసి ఒక టీ తాగితే, ఆ తరువాత తెరిచినా ఎవరి చేయీ కాలదు.

బండి ఉన్నవారికి

మన సంఘాలలో జీపులు, ట్రాక్టర్లు, ఆటోలు నడిపే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు గనుక చాచా చెప్పిన జాగ్రత్తలు కూడా రాస్తున్నాను. రోజూ ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మట్టం చూడండి. కూలెంట్ మంచు దేశాలవారికే అనుకోవద్దు. మన ఎండ దేశంలో అది తుప్పు పట్టకుండా కాపాడుతుంది. బోరు నీళ్లు, ఉప్పు నీళ్లు పోయవద్దు. అత్యవసరమై పోస్తే వీలైనంత త్వరలో కడిగించండి. ముల్లు పైకి పోతే బండి పక్కకు ఆపండి, చల్లారేదాకా మూత ముట్టవద్దు, మరుగుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించవద్దు. రేడియేటరు ముందు చేరిన గడ్డి, పురుగులు, బురద మెల్లగా కడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, దించిన కూలెంట్‌ను తెరిచి ఉంచవద్దు, నేలమీద పారబోయవద్దు. అది తియ్యగా ఉంటుంది గాని విషము. పసిపిల్లలకు, కుక్కలకు, పశువులకు ప్రాణాపాయం. మూత ఉన్న డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా ఉంచి, పాత ఆయిలు, కూలెంట్ తీసుకునే వర్క్‌షాపులో అప్పగించండి.

జూలైలో వానలు పట్టాయి. మా గుడి మీద నీలం టార్పాలిన్ కట్టాము. వాన జోరుగా ఉన్న ఆదివారాల్లో ప్రసంగం సగంలో ఆపి అందరం కీర్తనలు పాడుకున్నాము, చప్పుడులో నా మాట వినబడదు గనుక. ఆ నెలలోనే రెండు కాన్పుల మనుషులు, ఒక జ్వరం బిడ్డ ఆ అడవి దారిన చింతూరు చేరారు. ముల్లు సగం దగ్గరే నిలబడింది. కోతలు అయ్యాక పెద్దలిద్దరూ నిచ్చెనకు చెరొకవైపు నిలబడి మొదటి రేకు అందించారు. మీ ప్రార్థనలలో మా కొండ గ్రామాలను జ్ఞాపకము చేసుకొనుడి. మీ యిండ్లలో వేడి పోయే దారులను దేవుడు తెరిచి ఉంచును గాక. ఆమేన్.